మూర్ఛ, గుండె, దాపరికం

చెవిటికల్లు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతంలో పత్తి తీతలు, మిరపకోతలు ఎక్కువగా ఆడవాళ్ళ రెక్కల మీదే నడుస్తాయి. ఆ చేలల్లో ఎప్పుడో ఒకప్పుడు మనలో చాలామంది చూసిన దృశ్యమే ఇది. కోత మధ్యలో ఒక అమ్మాయి విరుచుకు పడిపోతుంది. ఒకరు చేతిలో ఇనుప తాళాలు పెడతారు. ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఒకరు గాలి సోకిందంటారు. పని ఎగ్గొట్టడానికి వేషాలంటాడు మేస్త్రి. తేరుకున్నాక ఆమె "ముందు గుండె దడదడలాడింది, కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్లయింది" అంటుంది. ఆ మాట ఎవరూ పట్టించుకోరు. ఆ మాటలోనే ఆమె జబ్బు గురించి ముఖ్యమైన ఆచూకీ వుండవచ్చు.

మూర్ఛ మెదడుకు వచ్చే జబ్బు. మెదడులో విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పినప్పుడు అది వస్తుంది. గుండె వేగాన్ని నడిపించే నరాలకు ఆజ్ఞలు వెళ్ళేది కూడా మెదడు నుంచే. అందువల్ల మూర్ఛ సమయంలో ఎక్కువమందికి గుండె వేగం పెరుగుతుంది. మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకునే గుండె, కొందరిలో 150 కూడా దాటుతుంది. మూర్ఛ కణత దగ్గరి మెదడు భాగంలో మొదలైనప్పుడు ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నిసార్లు కాళ్ళూ చేతులూ కొట్టుకోవడానికి ముందే దడ మొదలవుతుంది. చాలా అరుదుగా దీనికి విరుద్ధంగా గుండె మందగించి, కొన్ని సెకన్లు ఆగడం కూడా జరుగుతుంది. మూర్ఛలో నాడి ఆగడాన్ని రసెల్ అనే బ్రిటిష్ వైద్యుడు 1906లోనే ప్రచురించాడు.

మరి "గుండె దడ" అన్న ఆడమనిషికి మన సమాజం చెప్పే జవాబేమిటి? నరాల బలహీనత, టెన్షను, హిస్టీరియా, పెళ్ళయితే అదే పోతుంది! ఇది ఒక అన్యాయం. దీనికి తిరగబడిన అన్యాయం మరొకటి వుంది. గుండె లయ తప్పడం వల్ల స్పృహ కోల్పోయేవాళ్ళకు కూడా కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు. పరుగెత్తినప్పుడు, పెద్ద శబ్దానికి ఉలిక్కిపడినప్పుడు పడిపోయేవాళ్ళలో, ఇంట్లో చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయినవారున్న కుటుంబాల్లో ఈ అనుమానం తప్పక రావాలి. వాళ్ళకు మూర్ఛ అని ముద్ర వేస్తే ఏళ్ళ తరబడి అక్కరలేని మాత్రలు మింగుతారు, ప్రాణం తీసే గుండెజబ్బు మాత్రం అలాగే వుండిపోతుంది. ఇసిజి తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. స్పృహ తప్పిన ప్రతి స్త్రీకీ ఒక్కసారైనా ఇసిజి తీయాలని అడగడం మన హక్కు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం దాపరికంలో వుంది. మూర్ఛ వున్న పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు వెయ్యిమందికి ఒకరు హఠాత్తుగా మరణిస్తున్నారు. ఇలాంటి మరణాలు చాలావరకు రాత్రిపూట, ఒంటరిగా పడుకున్నప్పుడు, ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద మూర్ఛ తర్వాత జరుగుతాయి. మొదట శ్వాస, తర్వాత గుండె ఆగిపోతాయి. మూర్ఛలు అదుపులో లేకపోవడమే దీనికి ముఖ్య కారణం. క్రమం తప్పకుండా సరైన మందు వాడితే నూటికి 70 మంది దాకా మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అత్తవారింట్లో తెలిసిపోతుందని మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకునే కోడలికి ఆ క్రమం ఎలా సాధ్యం? పుట్టింటికి వెళ్ళినప్పుడే మందు తెచ్చుకోవలసిన పిల్ల ఎన్ని పూటలు మానేస్తుంది? మాత్ర తప్పిన ఆ రాత్రికి బాధ్యులెవరు?

ఈ భయం ఊరికే పుట్టలేదు. దానికి చట్టమే ఊతమిచ్చింది. 1976లో హిందూ వివాహ చట్టానికీ, ప్రత్యేక వివాహ చట్టానికీ చేసిన సవరణలు తరచూ మూర్ఛ వచ్చేవారిని మతిభ్రమణం వున్నవారితో కలిపి పెళ్ళికి అనర్హులన్నాయి. అలాంటి పెళ్ళిని రద్దు చేయమని కోర్టుకు వెళ్ళే వీలిచ్చాయి. మూర్ఛ రోగుల తరఫున పనిచేసిన సంస్థల కృషి తర్వాత 1999 డిసెంబరులో ఆ మాట తొలగించారు. ఇరవై మూడేళ్ళు పట్టింది. మూర్ఛ వున్నంత మాత్రాన పెళ్ళి చెల్లదనడానికి ఈనాడు ఈ చట్టాల్లో ఆధారం లేదు. అయినా "మోసం చేసి పెళ్ళి చేశారు" అన్న వాదన కోర్టుల దాకా వస్తూనే వుంది. అందుకే పెళ్ళికి ముందే చెప్పడం మేలు. కానీ చెప్పిన పిల్లకు సంబంధం తప్పిపోయి, కట్నం రెట్టింపయ్యే సమాజంలో నిజం చెప్పమని ఆమెకు ఒక్కదానికే నీతులు చెప్పడం న్యాయం కాదు. మూర్ఛ వున్న కొడుకుకు పెళ్ళి చేస్తే కుదురుతుందని చేసే తల్లిదండ్రులే, మూర్ఛ వున్న కోడలిని పుట్టింటికి పంపేస్తారు. జబ్బు ఒకటే, తీర్పులు రెండు.

కార్యకర్తలుగా మనం చేయగల పనులున్నాయి. మూర్ఛ వచ్చినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోను చేయాలి. కొట్టుకోవడం ఆగాక శ్వాస గమనించాలి, వీలైతే మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టి రాసిపెట్టాలి. ముందు ఏమనిపించిందో ఆమెనే అడిగి, ఆమె మాటల్లోనే రాయాలి. డాక్టరుకు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. అయితే నాడి ఒక్కదాన్నిబట్టి ఏ జబ్బో తేల్చలేం. మనసు పడిన ఒత్తిడి వల్ల వచ్చే మూర్ఛలు కూడా నటన కావు, వాటికీ వైద్యం కావాలి. గర్భిణీ స్త్రీలు తమంతట తాము మందు మానకూడదు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళు మాత్రం గర్భం రాకముందే డాక్టరును కలిసి మాట్లాడాలి, ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు.

మూర్ఛ మందులు ఆవశ్యక మందుల జాతీయ జాబితాలో వున్నాయి. అవి ఊరికి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నెలనెలా తప్పకుండా దొరకాలని సంఘాలుగా అడుగుదాం. అంతకన్నా ముందు, ప్రతి సంఘ సమావేశంలో ఈ జబ్బు పేరు బయటికి అందాం. ఆ మాత్రలు బియ్యం డబ్బాలోంచి బయటికి వచ్చి, అందరికీ కనబడేలా గూట్లో వుండే రోజు రావాలి.