బానెట్ ఎత్తితే ఎవరి పరువు పోతుంది?

దారిలో కారు ఆగితే మగవాళ్లు దిగి బానెట్ ఎత్తుతారు. ఆడవాళ్లు లోపలే కూర్చుని పిల్లలకు మంచినీళ్లు తాగిస్తారు. అప్పటిదాకా నడిపింది ఆడమనిషే అయినా సరే, బండి ఆగిన మరుక్షణం ఆమె ప్యాసింజర్ అయిపోతుంది. ఇదంతా అలవాటేగానీ ఎవరూ రాసిపెట్టిన నియమం కాదంటారు. రాసిపెట్టారు. ఫ్యాక్టరీలో నడుస్తున్న ఇంజన్‌ని తుడవడం, దానికి నూనె వేయడం, సరిచేయడం స్త్రీలతోనూ చిన్నవయసు వాళ్లతోనూ చేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 22వ సెక్షన్ చెప్పింది. మనల్నీ పిల్లల్నీ ఒకే గాటన కట్టింది. స్త్రీలు భూగర్భ గనుల్లోకి దిగి పనిచేయకూడదని 1952 గనుల చట్టం అంది. 2019లో ఆ నిషేధాన్ని సడలించేదాకా, కొత్తగూడెంలో గనుల సైరన్ వింటూ పెరిగిన ఆడపిల్లలకు గని అంటే నాన్న వెళ్లే చోటు మాత్రమే.

అంతా మన రక్షణ కోసమేనట! తిరిగే బెల్టులో పడితే మగవాడి వేలు తెగదా? తెగుతుంది. అయితే అతనికి జాగ్రత్త నేర్పారు. మనల్ని గదిలోంచి బయటికి పంపారు. అలా పంపడం వల్ల పోయింది ఉద్యోగాలే కాదు, మాట కూడా పోయింది. యంత్రం గురించి ఆడది చెప్పే మాటకు సాక్ష్యం విలువ లేకుండా పోయింది. నా తగాదా దాని గురించే.

నాది 1997 మోడల్ మారుతి 800. కార్బొరేటర్ బండి. వారానికి రెండుసార్లు పాల్వంచ నుంచి భద్రాచలం మీదుగా చర్ల వెళ్లొస్తాను. సారపాక దాటి, గోదావరి వంతెన దాటి, గంటకు పైగా నడిచాక దుమ్ముగూడెం మండలంలో ఎక్కడో ఒకచోట ఇంజన్ ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, అంటుకోదు. అరగంట ఆగి కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఆ అరగంట అడవి అంచున, కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందని రోడ్డు మీద, దారినపోయే ప్రతివాడూ బండి ఆపి "ఒక్కరే ఉన్నారా మేడం?" అని అడుగుతుంటే కూర్చోవాలి. సాయం చేసేవాడూ అదే మాట అడుగుతాడు, చేయనివాడూ అదే మాట అడుగుతాడు. తేడా మనం కనిపెట్టుకోవాలి.

ఎనిమిది నెలల్లో మూడు షెడ్లు తిరిగాను. ప్లగ్గులు రెండుసార్లు మార్చారు. కార్బొరేటర్ విప్పి కడిగారు. మెకానిక్‌లు ఏసీ పంపు అని పిలిచే పెట్రోలు పంపు మార్చారు. బ్యాటరీ మార్చారు. పాత సామాను ఒక్కటీ నా చేతికివ్వలేదు. ప్రతిసారీ "ఇక ఆగదు మేడం" అన్నారు, ప్రతిసారీ ఆగింది. "వేడెక్కాకే ఆగుతోంది, చల్లారితే బాగుంటోంది" అని నేను చెబుతూనే ఉన్నాను. ఒకాయన "క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నారేమో" అన్నాడు. క్లచ్ మీద కాలుంటే క్లచ్ ప్లేటు అరుగుతుంది, ఇంజన్‌కి నిప్పు ఆగిపోదు. ఇంకొకాయన "సార్‌ని ఒకసారి పంపండి, మాట్లాడతాను" అన్నాడు. ఏ సార్? ఆ సార్ ఒక్కరోజు కూడా ఆ రోడ్డు మీద ఆ బండిలో కూర్చోలేదే!

వచ్చీపోయే జబ్బును పట్టడం ఎవరికైనా కష్టమే, నేను కాదనను. బండి షెడ్డుకు చేరేసరికి ఇంజన్ చల్లబడి ఉంటుంది, మెకానిక్ ముందు చక్కగా నడుస్తుంది. అంటే జబ్బు కనిపించేది ఆ అరగంటలోనే. ఆ అరగంట అక్కడున్నది నేనొక్కదాన్నే. అలాంటప్పుడు నడిపిన మనిషి మాటే రోగనిర్ధారణకు ఆధారం. ఆ మాటను పక్కన పెట్టి సామాన్లు మార్చుకుంటూ పోవడాన్ని రిపేరు అనరు, జూదం అంటారు. పందెం డబ్బులు మాత్రం నావి. ఆసుపత్రిలో నొప్పి అని చెప్పుకున్న ఆడవాళ్లకు "టెన్షన్ పెట్టుకోకమ్మా" అనే జవాబు ఎంత పరిచయమో, ఇదీ అంతే పరిచయంగా తోచింది నాకు. "మొండి ప్రాబ్లం మేడం" అన్నారు ముగ్గురూ. మొండితనం ఇంజన్‌ది కాదు, చెవులది.

చివరికి ఇంట్లోనే చూశాను. ఇందులో గొప్పేమీ లేదు, వరస ఉంది. ఆ వరస చెబుతాను, ఎందుకంటే దాన్నే మనకు చెప్పకుండా దాచేది.

ఇంజన్ నడవాలంటే పెట్రోలు, గాలి, సరైన వేళకు నిప్పురవ్వ కావాలి. ఆగినప్పుడు వాటిలో ఏది అందలేదో ఆ క్షణంలోనే చూడాలి. బండిని ఆరుబయట నిలబెట్టి, బానెట్ మూసి, ఇంజన్ ఆన్‌లో ఉంచాను. మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు, పొగ ప్రాణం తీస్తుంది. యాభై నిమిషాలకు ఆగింది. ముందు పెట్రోలు ట్యాంకు మూత వదులు చేశాను. మూతలోని గాలిరంధ్రం పూడితే ట్యాంకులో పెట్రోలు బిగుసుకుపోయి రాదు. తీయగానే బుస్సుమని గాలి పీల్చలేదు, ఇంజనూ అంటుకోలేదు. తరువాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి యాక్సిలరేటర్ తీగ చేత్తో లాగాను. కార్బొరేటర్ గొంతులో పెట్రోలు సన్నగా చిమ్మింది. అంటే పెట్రోలు అందుతోంది. ఎండకు పైపులోనే పెట్రోలు ఆవిరై ఆగిపోతుందని, పంపు మీద తడిగుడ్డ వేయమని మన దగ్గర అందరూ చెప్పే చిట్కా నా బండికి కాదు. డిసెంబర్ చలిలో కూడా ఆగిందని నోట్‌బుక్‌లో రాసి ఉంది మరి.

మిగిలింది నిప్పురవ్వ. ఫిల్టర్ మూత తిరిగి పెట్టేసి, పెట్రోలు చుక్క ఎక్కడా ఒలికి లేదని చూసుకుని, ఒక ప్లగ్ తీగను విడి ప్లగ్గుకు తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నాను. మా చెల్లి సెల్ఫ్ కొట్టింది. రవ్వ లేదు. అరగంట తరువాత కొడితే నీలంగా టకటకా వచ్చింది. ఇక దొంగ దొరికినట్టే. ఎలక్ట్రికల్ షాపులో కొన్న మామూలు మల్టీమీటర్‌తో ఇగ్నిషన్ కాయిల్‌ని చూశాను. చల్లగా ఉన్నప్పుడు లోపలి చుట్ట రీడింగ్ చూపించింది, ఇంజన్ వేడెక్కి ఆగినప్పుడు ఏమీ చూపలేదు. లోపలెక్కడో సన్నటి తీగ తెగి, వేడికి విడిపోయి, చల్లారితే అతుక్కుంటోంది. కాయిల్ ఒక్కటే మార్చాను. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికి కూడా తెలియదు. అప్పటినుంచి చర్ల దాకా ఆగలేదు.

ఇక్కడ మా స్నేహితురాళ్లు ఒక ప్రశ్న వేశారు. స్త్రీవాదులే వేశారు. వంట, పిల్లలు, ఉద్యోగం చాలక ఇప్పుడు ఇంజన్ కూడా మన నెత్తికెత్తుకోవాలా? జీతం లేని చాకిరీకి ఇంకోటి కలపడమే కదా! కొత్త కారు కొనుక్కుని కంపెనీ వాళ్లకు అప్పగిస్తే పోదా? ప్రశ్న న్యాయమైనదే. కానీ కొత్త కారు కొనగలిగిన వాళ్ల విముక్తి అది. పైగా నేను ప్రతి ఆదివారం చేతులు నల్లగా చేసుకోమనడం లేదు. చేసేవాళ్లు చేస్తారు, డబ్బిచ్చి చేయించుకుంటాం. జబ్బు ఏమిటో చెప్పే హక్కు మాత్రం వదులుకోకూడదంటున్నాను. జబ్బు పేరు చెప్పేవాడే ధర కూడా చెబుతాడు.

మిరపకోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి కూలికొచ్చే ఆదివాసీ స్త్రీలు ట్రాలీ ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని ఇవే రోడ్ల మీద వెళ్తారు. కింద ఏదో కాలుతున్న వాసన ముందు తగిలేది వాళ్లకే. ఆ మాట కోయలో చెబితే డ్రైవర్ ఆపుతాడా? నాకు కనీసం "మేడం" అనే ముసుగు మర్యాదైనా దక్కింది.

కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీల రిపేరు చేసే ఆదిలక్ష్మి గురించి 2022లో పత్రికలు, టీవీలు గొప్పగా చెప్పాయి. తెలంగాణలో తొలి మహిళా మెకానిక్ అన్నారు. ఆమె పనికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ "తొలి" అన్న మాట మీదే నాకు అనుమానం. ఒక్కరిని వింతగా నిలబెట్టి ఫొటో తీస్తే మిగతావాళ్లకు రాదన్న మాటే మళ్లీ ఖాయమవుతుంది. అసలు మొదటినుంచీ చూస్తే వింత ఏముంది? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లకు పైగా కారు నడిపింది. ఇంచుమించు మన ఖమ్మం నుంచి భద్రాచలమంత దూరం. పెట్రోలు గొట్టం పూడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. కారు అంత దూరం నడవడమే లోకానికి అప్పుడు మొదలు. నన్ను ఆకట్టుకునేది పిన్ను కథ కాదు. గుట్టలెక్కడానికి ఇంకో గేరు కావాలని తిరిగొచ్చి ఆమె చెప్పింది. కార్ల్ బెంజ్ విన్నాడు, గేరు పెట్టాడు. దారిలో ఉన్న మనిషి మాటకు విలువిచ్చాడు.

మన దగ్గర ఆడవాళ్లకు శిక్షణ అనగానే కుట్టుమిషన్లు పంచుతారు. మిషన్ బెల్టు తెగితే మార్చుకునేది, షటిల్‌లో దారం ఇరుక్కుంటే విప్పి సరిచేసేది వాళ్లే. అక్కడ ఎవరూ "సార్‌ని పంపండి" అనరు. అదే చేతికి పానాల పెట్టె ఇవ్వడానికి ఏం అడ్డొస్తోంది? అడవిలో తిరిగే ఏఎన్ఎంలకు, టీచర్లకు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు ప్రభుత్వం రకరకాల ట్రైనింగులు ఇస్తుంది. ఒక్క పూట బానెట్ ఎత్తి చూపించమనండి. బిల్లు కట్టేముందు పాత సామాను అడిగి తీసుకోవాలని చెప్పమనండి.

నా మల్టీమీటర్ ఇప్పుడు నా దగ్గర లేదు. చర్ల వైపు పనిచేసే ఒక ఏఎన్ఎం పట్టుకెళ్లింది. వానలు మొదలైనప్పటినుంచి ఆమె స్కూటీ తడిస్తే చాలు స్టార్ట్ కావడం లేదట. ముందు ప్లగ్ క్యాప్ చూడమన్నాను.