సిపాయి వేషము – దొంగ తుపాకి

లైసెన్సులేని తుపాకి పట్టినవానికి 1959 నాటి ఆయుధ చట్టము, 2019 సవరణము మేరకు, రెండు మొదలు అయిదేండ్ల ఖైదు విధించుచున్నది. నిషిద్ధాయుధమైనచో ఏడు మొదలు పదునాలుగేండ్లు. యుక్తమే. కాని సైనికుడనని నమ్మించుటకై ఆ దుస్తు తొడిగినవానికో? 1860 నాటి శిక్షాస్మృతి 140వ సెక్షను మూడునెలల ఖైదు గాని, 500 రూపాయల జరిమానా గాని, రెండును గాని చాలుననెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 168వ సెక్షను జరిమానాను 2,000 చేసి, ఖైదును మూడు నెలలకడనే నిలిపినది! అందు ఆయుధపు మాటయే లేదు.

తుపాకిని చూచినవాడు పాఱిపోవును. సైనికదుస్తును చూచినవాడు తానై తలుపు తీయును. బిజినేపల్లి రైతు ఆ దుస్తుపై నుంచిన నమ్మకమును దొంగిలించుట అల్పాపరాధమా? ప్రభుత్వసైనికులు గాకయే ఖాకీ తొడిగి, తుపాకులు పట్టి గ్రామములపై బడిన రజాకార్లను 1948లో చూచిన తెలంగాణమునకు దీనిని వేఱుగ జెప్పవలయునా?

వేషమును, ఆయుధమును గూడినచోట శిక్ష హెచ్చవలయునని మా దృఢాభిప్రాయము. పార్లమెంటు 168వ సెక్షనును సవరించుగాక! అంతవఱకు, అనుమానము గలిగినచో ఠాణాకు తెలుపుట పౌరధర్మము. నిజమైన జవాను అందులకు కోపింపడు.