కుటుంబ ఆరోగ్యం: స్కాన్ చేతికి అందితే



ఇంట్లో ఎవరికైనా స్కాన్ తీయిస్తే, ఆ నల్లని ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తాము. మనకేమీ అర్థము కాదు. వైద్యులు మాత్రము ఆ బొమ్మలన్నిటిని మనసులో పేర్చుకొని, లోపలి అవయవము ఎలా ఉన్నదో ఊహించుకుంటారు. ఇప్పుడు ఆ అవయవపు నమూనాను చేతితో పట్టుకొని చూసే వీలు కలిగింది. దీనినే త్రీడీ ప్రింటింగ్ అంటారు.

దోసకాయను చక్రాలుగా తరిగినట్లు, సి.టి. స్కాన్ శరీరాన్ని పలుచని పొరలుగా చూపుతుంది. రేడియాలజీ నిపుణులు కంప్యూటరు మీద ఆ పొరలలో నుండి కావలసిన ఎముకనో, గుండెనో వేరుచేస్తారు. తరువాత, మట్టిగోడను వరుస మీద వరుస పెట్టి లేపినట్లు, యంత్రము ప్లాస్టిక్ వంటి పదార్థముతో అదే కొలతకు నమూనా చేస్తుంది. కత్తి పట్టక ముందే వైద్యుడు దాని మీద సాధన చేయవచ్చు. ఆపరేషను ఎందుకో కుటుంబానికి చూపించి చెప్పవచ్చు.

కొన్నిసార్లు నమూనాయే కాదు, శరీరములో అమర్చే భాగము కూడా ఇలా తయారవుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఒక పసివాని శ్వాసనాళపు గోడ మెత్తబడి మూసుకుపోయేది. ఊపిరి ఆగి బిడ్డ నీలిరంగుకు తిరిగేవాడు. 2012 ఫిబ్రవరిలో డాక్టర్ గ్లెన్ గ్రీన్, ఇంజనీరు స్కాట్ హోలిస్టర్ బృందము స్కాన్ కొలతలతో ఒక చిన్న తొడుగును ముద్రించి, ఆ నాళము చుట్టూ అమర్చింది. నాళము గట్టిపడుతుండగా సుమారు మూడేళ్ళలో క్రమంగా కరిగిపోయే పదార్థమది. 21 రోజులకు ఆ బిడ్డను శ్వాసయంత్రము నుండి తప్పించగలిగారు.

అయితే నమూనా స్కాన్‌ను మించినది కాదు. స్కాన్ తీసేటప్పుడు రోగి కదిలినా, పొరలు మందముగా ఉన్నా, నమూనా తప్పుగా వస్తుంది. అందరికీ ఇది అవసరము లేదు. చేయి విరిగితే చాలాసార్లు మామూలు ఎక్స్‌రే చాలు.

మేము మీకు చెప్పదలచినది ఒక్కటే. నమూనా చేయడానికి ఫిల్ము చాలదు, కంప్యూటరులోని స్కాన్ సమాచారము కావాలి. కనుక ఫిల్ముతో పాటు సి.డి.ని కూడా అడిగి తీసుకొని, రిపోర్టుతో కలిపి భద్రపరచండి. పెద్ద ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకొని వెళ్ళండి. అప్పుడు మళ్ళీ స్కాన్ తీయించే ఖర్చూ, ఎక్స్ కిరణాల తాకిడీ తప్పవచ్చు.