పెద్ద మిషన్ కొన్నంత మాత్రాన మెయిల్ కదలదు

మెయిల్ సర్వర్ నెమ్మదించిందంటే చాలా ఆఫీసుల్లో వినిపించే సలహా ఒకటే: ర్యామ్ పెంచండి, ఇంకా పెద్ద మిషన్ తెప్పించండి. అది రాగానే లోడ్ టెస్ట్ నడుపుతారు. సెకనుకు ఇన్ని వేల మెయిళ్లు తీసుకుందని రిపోర్టు రాసి ఫైలు మూసేస్తారు. ఈ పద్ధతి తప్పు. మెయిల్ సర్వర్ లెక్కలు చేస్తూ గడిపే సమయం తక్కువ, ఎదురుచూస్తూ గడిపే సమయం ఎక్కువ. డిస్క్ కోసం, గమ్యం చిరునామా చెప్పే డీఎన్ఎస్ జవాబు కోసం, అవతలి సర్వర్ కోసం అది ఆగుతూనే ఉంటుంది.

ముందు డిస్క్ సంగతి. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే ఎస్ఎంటీపీ నియమం ప్రకారం సర్వర్ ‘250’ అని బదులిచ్చిందంటే ఆ ఉత్తరం బాధ్యత ఇక దానిదే. మరుక్షణం మిషన్ ఆగిపోయినా ఉత్తరం పోకూడదు. అందుకే నమ్మదగిన సర్వర్ ఉత్తరాన్ని డిస్క్ మీద నిజంగా రాసిన తర్వాతే ఆ మాట చెబుతుంది. ట్యూనింగ్ పేరుతో కొందరు ఈ రాతనే ఎగ్గొడతారు. టెస్టులో అంకె పెరుగుతుంది, కరెంటు పోయిన రోజు జనం ఉత్తరాలు మాయమవుతాయి. అది ట్యూనింగ్ కాదు, మాట తప్పడం.

ఇక అవతలి సర్వర్. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉండే సెట్టింగు ప్రకారం ఒక్కో రకం పనికి 100 ప్రాసెస్‌లు మించవు, ఒక్కో గమ్యానికి ఒకేసారి 20 మించవు. ఒక్కో డెలివరీకి అర సెకను పడితే ఆ 100 ప్రాసెస్‌లు సెకనుకు 200 ఉత్తరాలు పంపగలవు. అదే పది సెకన్లు పడితే పదే పంపగలవు. నిదానంగా బదులిచ్చే గమ్యాలు ఐదు ఉంటే చాలు, మొత్తం 100 ప్రాసెస్‌లూ వాటి దగ్గరే చిక్కుకుపోవచ్చు. అప్పుడు ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, క్యూ మాత్రం పెరుగుతూ పోతుంది. ఇక్కడ కొత్త మిషన్ చేయగలిగింది ఏమీ లేదు.

ఆఫీసు నెట్‌వర్క్‌లోనే, ఒకే సైజు ఉత్తరాలను, వచ్చినదల్లా మింగేసే డమ్మీ సర్వర్‌కు పంపి చేసే టెస్టులో ఇవేవీ బయటపడవు.

ఈమెయిల్‌కూ, ఊహించి కాదు చూసి తేల్చుకోవాలనే పద్ధతికీ ట్రాయ్ అనే ఊరితో గట్టి సంబంధం ఉంది. అది న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉంది. 1971లో నెట్‌వర్క్ ఈమెయిల్‌కు నాంది పలికిన రే టామ్లిన్‌సన్ అక్కడి రెన్సెలర్ పాలిటెక్నిక్‌లో 1963లో పట్టా పుచ్చుకున్నాడు. నెట్‌వర్క్ పరికరాల స్థితిని దూరం నుంచే అడిగి తెలుసుకునే ఎస్ఎన్ఎంపీ నిర్దేశం 1988 ఆగస్టులో వెలువడింది. దాని నలుగురు రచయితల్లో మార్టిన్ షాఫ్‌స్టాల్ ఆ విద్యాసంస్థవాడే, మార్క్ ఫెడోర్ ట్రాయ్ చిరునామాతో నడిచిన నైసర్‌నెట్ అనే నెట్‌వర్క్ సంస్థవాడు. 1994లో అదే చట్రంలో మెయిల్ సర్వర్లకూ కొలతలు వచ్చాయి. వచ్చినవి ఎన్ని, పంపినవి ఎన్ని, ఇంకా లోపలే ఉన్నవి ఎన్ని అని అవి విడివిడిగా అడిగాయి. ఇప్పటి టెస్ట్ రిపోర్టుల్లో చాలావాటిలో కనబడనిది ఆ మూడో అంకే.

ఇంజినీరు సమయం కన్నా హార్డ్‌వేర్ చవక అనే వాదనలో కొంత నిజం ఉంది. అడ్డంకి డిస్కేనని కొలిచి తేలితే మంచి ఎస్ఎస్‌డీ కొనాల్సిందే. కొలవకుండా కొనడం మాత్రం సమస్యను వాయిదా వేయడమే. కొన్ని సమస్యలకైతే హార్డ్‌వేర్ అసలు జవాబే కాదు. 2016 నవంబరు 14న బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో ఒక టెస్ట్ మెయిల్ లక్షల ఖాతాలకు వెళ్లింది. ‘రిప్లై ఆల్’లు తోడై 75 నిమిషాల్లో దాదాపు 50 కోట్ల మెయిళ్లు పుట్టాయి, అంటే సెకనుకు సగటున లక్షకు పైనే. అలాంటి వరదకు మందు మరో సర్వర్ కాదు, అంత పెద్ద చిరునామాల లిస్టుకు ఎవరు రాయవచ్చనే దానికి పెట్టే హద్దు.

కాబట్టి సర్వర్ కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లు టెస్ట్ చేసినవాళ్లను నాలుగు విషయాలు అడగాలి. రద్దీ ఆగాక క్యూ ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టింది? డీఎన్ఎస్ ఆలస్యమైనప్పుడు ఏం జరిగింది? అటాచ్‌మెంట్లున్న ఉత్తరాలతో పరీక్షించారా? టెస్టు మధ్యలో కరెంటు తీసేస్తే ‘250’ అందుకున్న ఉత్తరాలన్నీ దొరికాయా? వీటికి జవాబులు లేని రిపోర్టును వెనక్కి పంపాలి.