నడిస్తేనే మోగుతుంది!

వీణ వాయించాలంటే కూర్చోవాలి. అమెరికాకు చెందిన ఎలెన్ ఫుల్‌మన్ వాయిద్యాన్ని వాయించాలంటే మాత్రం నడవాలి! నడుం ఎత్తులో, హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పదులకొద్దీ తీగలు. వయొలిన్ కమానుకు రుద్దే రోజిన్‌ను వేళ్లకు పట్టించుకుని, వాటిని నిమురుతూ మెల్లగా ముందుకీ వెనక్కీ నడుస్తుందామె. తీగల చివర ఉన్న చెక్కపెట్టెలు ఆ నాదాన్ని పెద్దది చేస్తాయి.

ఫుల్‌మన్ చదివింది శిల్పకళ. 1980లో అడుగు వేస్తే మోగే లోహపు లంగా కట్టుకుని మినియాపొలిస్ వీధుల్లో నడిచింది. మర్నాటి ఏడాదే ఈ పొడుగు తీగలమీద పడింది.

అంత పొడుగెందుకూ అంటారా? ఆర్భాటానికి కాదు. మీటితే తీగ పక్కలకు ఊగుతుంది. నిమిరితే కంపనం తీగ వెంబడే పరుగెడుతుంది, ఇత్తడిలోనైతే సెకనుకు దాదాపు మూడున్నర కిలోమీటర్ల వేగంతో. మీటరు తీగను నిమిరితే చెవులు గింగిర్లెత్తే కీచుశబ్దమే. హార్మోనియం నడిమి మెట్టు పలికే స్వరం కావాలంటే ఆరున్నర మీటర్లుండాలి! బిరడా ఎంత తిప్పినా శ్రుతి పెద్దగా మారదు. తీగమీద సరైనచోట క్లాంపు బిగించాల్సిందే.

చిక్కల్లా ఒక్కటే. దీన్ని చంకన పెట్టుకెళ్లలేం. 1985లో రికార్డు చేసింది నెదర్లాండ్స్‌లో, ఒకప్పటి చుట్టల ఫ్యాక్టరీలో. ఎక్కడికెళ్లినా చోటు కొలుచుకుని, తీగలు లాగి, శ్రుతి చేసుకోవడానికే రోజులు పడుతుంది. కచేరీ కాగానే అన్నీ విప్పి చుట్టేయాలి.