తొలి గద్దర్ ఒక్కడే గద్దరా?

ఆగస్టు 6 దగ్గర పడుతోందంటే బెజవాడలో మాలాంటి వాళ్లకి రెండు రకాల ఫోన్లు వస్తాయి. మొదటివి చుండూరు వెళ్లేవాళ్లవి. రక్తక్షేత్రం దగ్గరికి ఎన్నింటికి చేరాలి, తెనాలిలో దిగి ఆటో మాట్లాడుకుందామా అని. రెండో రకం 2023 తర్వాత మొదలైంది. గద్దర్ కూడా ఆగస్టు 6నే పోయాడు కదా, సంస్మరణ సభల గురించి, అక్కడ పాడాల్సిన పాటల లిస్టు గురించి. గొడవంతా ఈ లిస్టు దగ్గరే. పెద్దవాళ్లలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుని తీర్పు చెప్పేస్తారు: “తొలినాళ్ల పాటలే పెట్టండి. అసలు గద్దర్ అదే. తర్వాతంతా పాడైపోయాడు.”

ఈ భాగం ఆ ఒక్క తీర్పు మీద.

ఏ సంగీతం అభిమానుల్లోనైనా ఇలాంటి వాళ్లుంటారు. ఇళయరాజా అంటే ఎనభైలే అంటారు. రెహమాన్ ‘రోజా’తోనే మొదలై ‘రోజా’తోనే అయిపోయాడంటారు. వాళ్లతో పేచీ లేదు, టీ తాగుతూ అరగంట వాదించుకుని లేచిపోవచ్చు. గద్దర్ విషయంలో ఆ మాట అంత తేలిగ్గా తీసుకోలేను. ఎందుకంటే ‘తొలి’కీ ‘మలి’కీ మధ్య వాళ్లు గీత ఎక్కడ గీస్తున్నారో చూస్తే అది సంగీతం గీసిన గీత కాదు.

ముందు వాళ్ల వాదనలో ఉన్న న్యాయం చెప్పుకుందాం. గద్దర్ మారాడు. ఎన్నికల్ని బహిష్కరించమని పాడినవాడు 2018లో మొదటిసారి ఓటు వేశాడు. గుళ్లకి వెళ్లాడు. చనిపోయే ముందు సొంత పార్టీ ప్రకటించాడు. వీటిమీద ఎవరి విమర్శ వాళ్లు చేయొచ్చు, నాకూ ఉన్నాయి. కానీ ఈ జాబితా చదువుతూ చదువుతూ మధ్యలో ఒక మాట జారవిడుస్తారు చూడండి: “అంబేడ్కర్ అన్నాడు, కులం పట్టుకున్నాడు.” గుడికి వెళ్లడమూ కులం గురించి పాడటమూ ఒకే వరుసలో ఒకే తప్పుగా కూర్చున్నాయి! ఇక్కడే నాకు వినపడేది పాట కాదు, పాట వింటున్నవాడి కులం.

సరే, తేదీలే చూద్దాం. బి. నర్సింగరావు ప్రభావంతో రిక్షావాడి మీద మొదటి పాట కట్టింది 1971లో. జననాట్యమండలి 1972లో. తొలి పాటల సంపుటి పేరే ‘గద్దర్’. గుమ్మడి విఠల్‌రావు అనే పేరుని ఆ సంపుటే మింగేసింది. 1979లో తీసిన ‘మా భూమి’లో గొంగడి భుజాన వేసుకుని పాడిన పాటతో ఊరూరా తెలిశాడు. ఈ కాలమే వాళ్ల స్వర్ణయుగం. ఒప్పుకుందాం. మరి 1985 ఎక్కడ పెడతారు? జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తిన సువార్తమ్మ పేరు ఈ డెల్టాలో తెలియని వాడ లేదు. గద్దర్ ఆ పోరాటం మీద పాట కట్టాడు, పాడాడు. అప్పుడాయన ఏ పార్టీలో ఉన్నాడు? ఏ సంస్థకి పాడుతున్నాడు? అంతా ‘తొలి గద్దరే’. ఆ గొంతే, ఆ డప్పే, ఆ గజ్జెలే. అయినా తొలి పాటల ప్రేమికుల లిస్టులో ఆ పాట ఎందుకుండదు?

నేను చాలా లిస్టులు చూశాను. రిక్షా ఉంటుంది. పల్లె ఉంటుంది. అమరుడి తల్లి ఉంటుంది. కారంచేడు ఉండదు. అంటే వీళ్లకి కావాల్సింది తొలి గద్దర్ కూడా కాదు. తొలి గద్దర్‌లోంచి ఏరుకున్న గద్దర్. వాళ్లు ప్రేమించింది కూలివాడు అన్నప్పటి గద్దర్ని. ఆ కూలివాడు ఏ గూడెం నుంచి వచ్చాడో చెప్పగానే స్వరం తప్పిందన్నారు. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాక చివరిదాకా వెన్నులో ఒక తూటా మోస్తూ పాడిన మనిషిని “గొంతులో మునుపటి పదును లేదండీ” అని పెదవి విరిచినవాళ్లని కూడా విన్నాను. ఏం రసజ్ఞత!

అమెరికాలో నీనా సిమోన్‌కీ ఇదే జరిగింది. పియానో ముందు కూర్చుని ప్రేమగీతాలు పాడినంతకాలం అందరికీ ఇష్టమే. బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు నల్లపిల్లలు చనిపోయాక, 1964లో ఆమె మిసిసిపీని తిడుతూ పాడితే దక్షిణాదిలో ఆ రికార్డులు విరిచి వెనక్కి పంపారు. పాత ఆల్బమే బాగుందనేవాళ్లు అక్కడా తక్కువేం కాదు.

ఇంకో మాట తరచూ వింటాం. “మా దగ్గర ఒరిజినల్ క్యాసెట్లున్నాయి.” ఉంటాయి బాబూ. ఎనభైల్లో టేప్‌రికార్డర్ ఎవరింట్లో ఉంది? మా వాడల్లో ఎన్ని ఇళ్లకి కరెంటు ఉంది? మా నాన్న తరం గద్దర్ని కాలవగట్టున నిలబడి విన్నది, రెండూళ్లు నడిచి వెళ్లి విన్నది, పోలీసులొస్తే చెప్పులు వదిలేసి పరిగెత్తింది. వాళ్ల దగ్గర క్యాసెట్ లేదు కాబట్టి వాళ్లు అభిమానులు కాకుండా పోయారు, జనం అయ్యారు. ‘సభకు వచ్చిన అశేష జనం’ అని రాస్తారే, ఆ జనం. అలమారాలో క్యాసెట్ ఉండటం ఆస్తికి రుజువు. అభిరుచికి రుజువని ఎవరు చెప్పారు?

ఇప్పుడు మా పిల్లల సంగతి. నా క్లాసులో కూర్చునే పిల్లలు గద్దర్ చివరి పాటల దగ్గర మొదలుపెట్టారు. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ పాట ఫోన్‌లో విని, అక్కణ్నుంచి వెనక్కి వెళ్లారు. ‘ఒరేయ్ రిక్షా’, తర్వాత ‘మా భూమి’, ఆ తర్వాత గరగరమనే పాత రికార్డింగులు. వెనక నుంచి ముందుకి చదివిన పుస్తకంలా విన్నారు. పోయినేడు ఒక సభ ఏర్పాట్ల దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె పాటొకటి సూచిస్తే, ఒక పెద్దాయన “అమ్మాయ్, మీరు యూట్యూబ్ గద్దర్ని చూశారు. మేము గద్దర్ని చూశాం” అన్నాడు. ఆ పిల్ల తలొంచుకోలేదు. “అవునండీ, మీరు చూశారు. కానీ ఆ పాత పాట వరస మా నాయనమ్మ నాట్లప్పుడు పాడుతుంది. ఆమె గద్దర్ని చూళ్లేదు. మరి ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నట్టు?” అంది.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. సాహిత్యం పాఠం చెప్పేవాణ్ని కాబట్టి నాకు అర్థమైంది, ఆ పిల్ల వేసింది పరిశోధన ప్రశ్న. తొలి ఆల్బమ్‌కి ముందు ఇంకో ఆల్బమ్ ఉంది, దాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. గద్దర్ కూడా వరసలు జనం దగ్గర్నుంచే తెచ్చుకున్నానని ఎప్పుడూ దాచలేదు. ‘మా భూమి’లో ఆయన పాడిన ఆ ప్రసిద్ధమైన పాట బండి యాదగిరిది, తెలంగాణ సాయుధ పోరాట కాలానిది. క్యాసెట్ ఉన్న ఎంతమంది ఆ పేరు చెప్తారో అడిగి చూడండి.

పాట కావాలి, పాట కట్టినవాడు అక్కర్లేదు. ఈ పద్ధతి గద్దర్‌తో మొదలవలేదు. మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం పిచ్చి ఉన్నవాళ్లని అడగండి. బలిజేపల్లి వారి ‘సత్యహరిశ్చంద్రీయం’లో కాటిసీను వస్తే జనం పందిరి కింద ఊపిరి బిగబట్టేవారు. ఆ సీనులో హరిశ్చంద్రుడు పాడే శ్మశాన పద్యాలు బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. నటులు తెచ్చి కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావు బాగా పాడతాడా, ఇంకొకరా అని రాత్రంతా తగాదాలు. రాగం ఎంతసేపు లాగాడు, ఏ అక్షరం దగ్గర విరిచాడు... ఆ అభిరుచి ముందు మనమెంత. అందులో ఒక పద్యం శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదంటుంది. దానికి వన్స్‌మోర్ కొట్టి, మళ్లీ పాడించుకుని, తెల్లారి ఇంటికెళ్లి పాలేరుకి దోసిట్లో నీళ్లు పోసిన రసికులున్న నేల ఇది. జాషువా పద్యం ఇంట్లోకి వెళ్లింది. జాషువా వీధిలో ఆగాడు.

ఆయనలోనూ వాళ్లకి ‘మంచి జాషువా’ వేరే ఉన్నాడు. పసిపాప మీద రాసిన జాషువా, ‘ఫిరదౌసి’ రాసిన జాషువా. 1941లో ‘గబ్బిలం’ రాసిన జాషువా దగ్గరికొచ్చేసరికి “ఆవేశం ఎక్కువైంది” అంటారు. తొలి గద్దర్ వాదానికి ఇది తాత.

మనవడు కూడా ఉన్నాడు, మన పక్కూరివాడే. కంచికచర్ల కలేకూరి ప్రసాద్. 1968లో కోటేశుని సజీవంగా తగలబెట్టిన ఊరు కంచికచర్ల. అక్కణ్నుంచి వచ్చి విప్లవ సాహిత్యంలో పనిచేసి, దళిత ఉద్యమంలోకి నడిచి, 2013లో ఒంగోలులో పోయాడు. వరకట్నం చావుల మీద ఆయన రాసిన పాట పాడని మహిళా సంఘం రాష్ట్రంలో లేదు. ‘శ్రీరాములయ్య’ సినిమాలో పచ్చటి భూమి మీద పాట ఆయనదే. పెళ్లి బస్సుల్లో కూడా విన్నాను ఆ పాట. రాసిందెవరని అడిగితే “జానపదం అయ్యుంటుంది సార్” అన్నాడు డ్రైవరు. డ్రైవర్ని ఏమీ అనను. వేదికల మీద ఆ పాట పాడి చప్పట్లు తీసుకుని, కలేకూరి పేరొస్తే “మంచి కవే గానీ, తాగుడు...” అని మొదలుపెట్టే మేధావుల గురించే నా బాధ. తాగిన శ్రీశ్రీ మహాకవి, తాగిన కలేకూరి వ్యర్థుడు. ఈ కొలత ఏ దుకాణంలో దొరుకుతుందో నాకు చూపించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు నోస్టాల్జియా వద్దని నేను చెప్పను. మీ అమ్మమ్మ పాట, మీ మేనమామ డప్పు, అవి మీ పాత ఆల్బమ్‌లే. ఫోన్‌లో రికార్డు చేయండి, పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ పని చేస్తూ పాడారు అన్నది రాసి పెట్టండి. ఈ ఏడు సభ లిస్టు మీ చేతికొస్తే కారంచేడు పాట మొదట పెట్టండి. ప్రతి పాటకి ముందు రాసినవాళ్ల పేరు మైకులో చెప్పండి. “తర్వాతి గద్దర్ వద్దు” అని ఎవరైనా అంటే మర్యాదగా ఒక్కటే అడగండి: ఏ సంవత్సరం నుంచి వద్దండీ? ఆ సంవత్సరం నోటితో చెప్పించండి.

ఆ అమ్మాయి నాయనమ్మని పాడమని అడిగించాం. నాట్లు అయ్యాక చూద్దాంలే అందట.

వచ్చే భాగం నాజర్ మీద. ఆయన ఆత్మకథ ‘పింజారి’ దొరికితే ఈలోగా చదివి ఉంచండి.

జై భీమ్.