తాతయ్య చెప్పిన గోత్రం

ఈసారి మా ఇంటి సంగతే రాస్తున్నాను.

1994లో మా తమ్ముడికి షోలాపూర్‌లోనే ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, గోత్రాలు వేరే. తాంబూలాలకు ముందురోజు మా మేనత్త అడ్డుపడింది. "వాళ్ళు మనకు పాలోళ్ళురా. మా నాయినది గదే గోత్రం. నూలు పున్నమినాడు జంధ్యం మార్చేటప్పుడు తాత ఒక గోత్రం చెప్పేటోడు, నాయిన ఇంకోటి చెప్పేటోడు. నా చెవులతోని విన్న" అంది.

నాన్న మొహం నల్లబడింది. "పెంచినోని పేరు బజార్ల పెడ్తవా?" అని చెల్లెలి మీద లేచాడు. సంబంధం తప్పిపోయింది. తాతయ్య పెంపుడు కొడుకని మాకు తెలిసింది ఆ రోజే. నాన్న ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయాకే వెతకడం మొదలుపెట్టాను.

నిజాం రాజ్యంలోని పల్లెల నుంచి పని వెతుక్కుంటూ మన పద్మశాలీలు తరతరాలుగా షోలాపూర్ చేరారు. 1877లో మొదలైన జూనీ మిల్లూ, తూర్పు పేటల్లోని చేమగ్గాలూ వాళ్ళకు తిండి పెట్టాయి. తాతయ్యను కన్నవాళ్ళూ అలా వచ్చినవాళ్ళే. "పెద్ద జ్వరంల పోయిన్రు" అని అత్త చెప్పిన జ్వరం 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా. దేశం మొత్తం మీద కోటి మందికి పైగా దానికి బలయ్యారు. ఆ అక్టోబరు నాటి చావుల రిజిస్టరు మోడి లిపిలో ఉంది. రిటైరైన మరాఠీ మాస్టారొకరు ఓపిగ్గా చదివిపెట్టారు. నాలుగు రోజుల తేడాతో ఒకే ఇంటి మొగుడూ పెళ్ళాం. వృత్తి నేత. ఉన్న చోటు, తాతయ్యను పెంచినాయన మగ్గం ఆడిన చాలే.

బడి రిజిస్టరులో మాత్రం తండ్రి పేరు దగ్గర పెంచినాయన పేరే ఉంది. అయితే దత్తత కాగితం ఉండాలి కదా అని రెండేళ్ళు తిరిగాను. చివరికి ఒక వకీలు మిత్రుడు నవ్వి, "లేని కాగితం ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. పాత హిందూ న్యాయంలో సాధారణ నియమం ప్రకారం బిడ్డను దత్తు ఇచ్చే హక్కు కన్నవాళ్ళదే. ఇద్దరూ పోయిన బిడ్డను ఇచ్చేదెవరు? 1956 నాటి దత్తత చట్టం వచ్చాకే, అలాంటి బిడ్డను కోర్టు అనుమతితో సంరక్షకుడు దత్తు ఇవ్వడానికి వీలైంది.

అంటే పక్క మగ్గం మీది ఆ మనిషి ఏ కాగితమూ లేకుండానే తండ్రి అయ్యాడు. బడికి ఇంటిపేరు కావాలి, తనది ఇచ్చాడు. రేపు పెళ్ళికి గోత్రం కావాలి, కన్నవాళ్ళది చెరిపెయ్యలేదు. మరిచిపోకుండా ఏటా నూలు పున్నమినాడు ఆ పిల్లవాడి నోటనే చెప్పించాడు. ఆయన ఏనాడూ దాచలేదు. దాచింది మేమే.

ఇప్పుడు మా వంశవృక్షంలో తాతయ్య పైన రెండు జంటలున్నాయి. ఇంటిపేరు మార్చుకోలేదు. గోత్రం మాత్రం తాతయ్య చెప్పిందే చెబుతున్నాం.

మీ ఇంట్లో ఎనభై దాటిన అత్తలుంటే ఈ సెలవుల్లో ఒక పూట వాళ్ళ దగ్గర కూర్చోండి. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు.